పడినవాడి చెట్టు

"నీ చేతి కూడు తిననన్నారు. అంతే. ఆ మాటకి ఇంకా పెడర్థాలు వెతక్కు," అంది దుర్గమ్మ, పొయ్యి మీంచి కూరగిన్నె దించుతూ.

అన్నం వారుస్తున్న సాయిదుర్గ చెయ్యి ఆగింది. "నా చేతి కూడన్నారా అత్తయ్యా, ఈ ఇంటి కూడన్నారా?"

"రెండూ ఒకటి కాదేటి? రోజూ వండేది నువ్వేగా."

"ఇయ్యాల వండింది మీరు."

దుర్గమ్మ గరిటెతో కూర కలిపింది. చింతచిగురులో ఎండ్రొయ్యలేసి వండిన కూర. వెంకటరాజుకి ప్రాణం. అది పొయ్యెక్కినప్పుడే సాయిదుర్గకి అర్థమైపోయింది, అత్తగారు నోటితో ఎంత చిందులేసినా లోపల మాత్రం మొగుణ్ణి ఇంటికి రప్పించుకునే దారి వెతుక్కుంటోందని.

నిన్న సాయంత్రం వెళ్ళిన మనిషి వెంకటరాజు మళ్ళీ గడప తొక్కలేదు. కాలవగట్టు మీద సంఘం పాకలోనే పడుకున్నాడు. పొద్దున్నెవరో టీ పట్టుకెళ్తే తాగేడట. అన్నం మాటెత్తితే మొహం తిప్పుకున్నాడట.

వేమలంక దింపు సంఘానికి ఆయన పెద్ద. కొబ్బరిచెట్టెక్కి కాయ దింపుకుని బతికే ఇళ్ళన్నిటికీ ఆయన మాటే మాట. అటువంటి మనిషిని అదే పాకలో, అదే మనుషుల ముందు, కోడలు నిలబెట్టి అడిగింది.

"పదిమందిలో అంత మాట ఎలా అనగలిగేవే?" దుర్గమ్మకి మళ్ళీ పొంగుకొచ్చింది. "సంఘం తన మాట తనే తప్పిందన్నావంట కదా. తప్పితే ఇంట్లో చెప్పొచ్చుగా! నాతో చెప్పొచ్చుగా! మావగారని లేకపోతే పాయె, పెద్దమనిషని ఉండక్కర్లా?"

"ఉందండి. ఉండబట్టే ఆయన మాటని నమ్మేను." సాయిదుర్గ గిన్నె పక్కన పెట్టింది. "మన సంఘాన్ని ఎలా కొలవాలో చెప్పింది ఆయనే కదా అత్తయ్యా. నేను కల్పించలేదు."

అందులో అబద్ధమేమీ లేదు. సాయిదుర్గ పనిచేసే అమలాపురం ఆఫీసువాళ్ళు చెట్టెక్కడం నేర్పే బడి ఒకటి పెడుతున్నారు. దాన్ని ఏ సంఘం చేతిలో పెట్టాలా అని చూస్తూ మొదట వేమలంక వచ్చేరు. బోర్డుందా, కంప్యూటరుందా, మీటింగుల రికార్డుందా అని అడిగేరు. ఏదీ లేదు. అట్టడుగు మార్కులిచ్చి పోయేరు. అప్పుడు సాయిదుర్గే పట్టుబట్టింది. మీ రాళ్ళతో మా సరుకు తూచొద్దండి, మా రాళ్ళు మాకున్నాయి అని వాదించింది. వాళ్ళ పెద్దావిడ భవానీదేవిగారు కాసేపు ఆలోచించి, సరే, అయితే నువ్వే తూచు అన్నారు.

పాకలో అందర్నీ కూర్చోబెట్టి సాయిదుర్గ అడిగితే, వెంకటరాజు మీసం దువ్వుకుని చెప్పేడు. "మా సంఘం మంచిదో కాదో తెలియాలంటే బోర్డులెందుకమ్మా? చెట్టు మీంచి పడినవాడి ఇంటికెళ్ళు. వాడి చెట్లు మిగతావాళ్ళు ఎక్కేరా? వాడి వాటా వాడి గుమ్మంలోకి వెళ్ళిందా? వాడు నోరు తెరిచి అడక్కముందే వెళ్ళిందా? ఈ మూడూ జరిగితే మంచిది. లేదంటే తగలబెట్టెయ్యండి. మా తాతల కాలం నుంచీ ఇదే కొలత." జనం చప్పట్లు కొట్టేరు. ఈలలేసేరు.

సాయిదుర్గ పడినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. నడుం పోయినవాడి ఇల్లు, చెయ్యి విరిగినవాడి ఇల్లు. ఎక్కడికెళ్ళినా ఆడవాళ్ళు ఆమెని కూర్చోబెట్టి, మాకే లోటూ రానివ్వలేదమ్మా అని కళ్ళొత్తుకున్నారు. ఆమె గుండె ఉప్పొంగిపోయింది.

బంగారరాజు ఇంటికి వెళ్ళేదాకా. అతను పడిన రోజు నుంచీ ఆ గుమ్మంలోకి ఒక్క కాయ కూడా వెళ్ళలేదు.

"పోనీ అత్తయ్యా," అంది సాయిదుర్గ గొంతు తగ్గించి. "బంగారం మావయ్య మీకు సొంత తమ్ముడే కదా. పోయిన ముసుర్లో పడి, తుంటి విరిగి మంచాన ఉన్నాడు. మీకూ ఏమీ అనిపించలేదా?"

దుర్గమ్మ మసిగుడ్డ తీసి పొయ్యిగట్టు తుడవడం మొదలుపెట్టింది. గట్టు శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉంది.

గోడవారన కంచం ముందు కూర్చున్న భాస్కర్ ఇంతసేపూ తల ఎత్తలేదు. కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చి, తండ్రిలాగే చెట్లెక్కుతున్నాడు. పెళ్ళాం, తల్లీ కీచులాడుకుంటుంటే ఎటూ కాకుండా ఉండటం అతనికి బాగా అలవాటే. కాని ఇవాళ అతను కూర కూడా ముట్టలేదు. వట్టి మజ్జిగన్నం గబగబా మింగి, చెయ్యి కడుక్కుని, చూరులోంచి కత్తీ, చెట్టెక్కే కాళ్ళబంధమూ లాక్కుని వెళ్ళిపోయేడు.

"ఎక్కడికండీ ఈ ఎండలో?" అని సాయిదుర్గ అడిగింది. అతను వినిపించుకోలేదు.

దుర్గమ్మ మసిగుడ్డ విసిరేసింది. "క్యారేజీ కడతాను. పట్టుకెళ్ళు."

"నా చేతి కూడు తిననన్నారుగా."

"నీ చేతి కూడు కాదది. నా కూర. నువ్వు మోసుకెళ్ళేదానివి, అంతే."

---

పాకలో వెంకటరాజు, కామరాజు ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు తోటల్లో ఉన్నారు. ఒలిచిన కొబ్బరిడొక్కల గుట్ట ఎండకి కాగి ఘాటుగా వాసనేస్తోంది.

కామరాజు సంఘానికి కార్యదర్శి. కుడికాలు ఈడుస్తూ లేచి క్యారేజీ అందుకోబోయేడు. వెంకటరాజు కాలవ వైపు తిరిగిపోయేడు.

"అత్తయ్య పంపేరండి," అంది సాయిదుర్గ.

"కామరాజూ, ఆకల్లేదని చెప్పు ఆవిడగారికి."

ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా లేదు. కామరాజు ఇబ్బందిగా నవ్వేడు. "కూర్చో అమ్మా. నిన్న అందరం వేడి మీదున్నాం. ఇప్పుడు నిదానంగా ఒక మాట చెప్తాను, విను. రేపు భవానీదేవిగారు వస్తున్నారు. ఆవిడ ముందు ఆ ఒక్క గుమ్మం వదిలెయ్యి. మిగతావన్నీ నిజాలే కదా. నిన్ను అబద్ధం చెప్పమన్లేదు. కొంచెం తక్కువ చెప్పమంటన్నాం. బడి మనకొస్తే మన పిల్లలకి మనమే నేర్పుకుంటాం. పక్క జిల్లా కంపెనీవాడికి పోతే, మన చెట్టెక్కడానికి మనం వాడి దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి."

"తెలుసు బాబాయ్. బడి మనకే రావాలని మీకంటే నాకే ఎక్కువుంది. కాని కడుపు నిండిన ఇళ్ళన్నీ చెప్పి, పస్తులున్న ఇల్లొకటి దాస్తే దాన్ని తక్కువ చెప్పడం అనరు."

"అడుగు కామరాజూ," వెంకటరాజు కాలవతో మాట్లాడుతున్నట్టే అన్నాడు. "నువ్వు మెరకతోటలో పడినరోజు సంగతి ఆవిడగారికి తెలుసేమో అడుగు."

"తెలుసు మావయ్యగారూ. నన్నే అడగండి. ఇక్కడే ఉన్నాను."

అప్పుడు తిరిగేడు వెంకటరాజు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్రలేదని తెలిసిపోతోంది.

"తెలిస్తే ఎలా మాట్లాడేవమ్మా? వీడు నెత్తురు మడుగులో ఉన్నాడు. ఆ తోట ఆసామి కారు షెడ్డులోనే ఉంది. తాళాలిమ్మని కాళ్ళ మీద పడ్డాం. సీట్లు పాడైపోతాయన్నాడు. నులకమంచం మీదేసుకుని రోడ్డు దాకా మోసేం. అందుకే వీడి కాలిలా అయ్యింది. ఆ రోజు ఇదే పాకలో అందరం ఒట్టేసుకున్నాం. పడినవాణ్ణి చూడనివాడి తోట మనం ఎక్కం అని. బంగారం కూడా వేసేడు. వాడూ మంచం మోసినవాడే! ముసురు పట్టేసరికి దొంగచాటుగా వెళ్ళి వాడే ఆ తోట ఎక్కేడు. పడ్డాడు. ఇప్పుడు చెప్పు, ఎవరు తప్పేరు మాట?"

సాయిదుర్గ కామరాజు కాలు చూసింది. ఆయన మొహం చూసింది. వాళ్ళ కోపం ఉత్తుత్తి కోపం కాదు. ఒక్కొక్కడూ ఇలా ఒట్టు గట్టున పెట్టి చెట్టెక్కేస్తే సంఘమన్నది మిగలదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

కాలవలో నాచు మెల్లిగా కదులుతోంది.

"ఆయన తప్పేరు," అంది ఆమె చివరికి. "అది కూడా రేపు చెప్తాను, దాచను. ఆ తప్పుకి మీరేం శిక్షేసినా నాకడ్డం లేదు. తప్పు కట్టించండి. పాకలోకి రానివ్వకండి. ఇంకో చెట్టెక్కనివ్వకండి."

"మరింకేం?"

"కాని మావయ్యగారూ, ఆ రోజు మీరు కొలత చెప్పినప్పుడు 'మా మాట విని పడినవాడు' అన్లేదు. 'పడినవాడు' అన్నారు. అంతే అన్నారు. మీ నోటంట ఆ మాట వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఈ ఇంటి కోడలైనందుకు గర్వపడ్డాను. ఆ మాటని ఇప్పుడు మీరే కత్తిరిస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోను?"

వెంకటరాజు దవడ బిగుసుకుంది.

"ఆ క్యారేజీ పట్టుకెళ్ళమను కామరాజూ."

సాయిదుర్గ క్యారేజీని బల్ల మీద పెట్టి, తువ్వాలు కప్పి, గట్టు దిగింది. నడుస్తూ చెవి మాత్రం వెనక్కే వేసింది. మూత తీసిన చప్పుడు వినపడలేదు.

---

చెరువొడ్డు సందు మలుపు తిరుగుతుంటే సత్యనారాయణమ్మ గొంతు వినపడింది. బంగారరాజు భార్య ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"పట్టుకుపో బాబూ. నీకు దణ్ణం పెడతాను. మా గుమ్మంలో పొయ్యకు."

సాయిదుర్గ గబగబా వెళ్ళింది. గుమ్మం ముందు కొబ్బరికాయలు కుప్పగా పడున్నాయి. పక్కన చెమటలు కక్కుతూ భాస్కర్ నిలబడ్డాడు. భుజాన కాళ్ళబంధం. మోకాలి కింద చెట్టు గీసుకుని ఎర్రగా చారలు తేలేయి.

"ఇవి మావయ్య చెట్లవే అత్తా," అంటున్నాడు. "ఎప్పుడూ మావయ్య ఎక్కే తోటే. ఎవరిదో ముష్టి కాదు. మావయ్య వాటా."

పంచలో మడతమంచం మీద బంగారరాజు పక్కకి ఒత్తిగిలి చూస్తున్నాడు. మనిషి సగమైపోయేడు. నవ్వు మాత్రం పాతదే.

"వానలెళ్ళేయి, మంచెళ్ళింది, మళ్ళీ ఎండలొచ్చేయి," అన్నాడు. "నా చెట్లు ఇన్నాళ్ళూ ఎవరికీ కనపళ్ళేదు. రేపు మార్కులేసే మేడం వస్తందనగా ఇయ్యాల కనపడ్డాయేంట్రా అల్లుడూ? కళ్ళజోడేమన్నా కొన్నారా సంఘమంతా?"

భాస్కర్ తల దించుకున్నాడు.

బంగారరాజు చూపు సాయిదుర్గ మీదికి మళ్ళింది. "రా అమ్మా. సమయానికొచ్చేవు. నువ్వే చెప్పు. కొలిచేవాళ్ళొస్తున్నారని గుమ్మంలో పోసిన వాటా మీ కొలతలోకి వస్తదా?"

మొగుడు ఆమె వైపు ఆశగా చూసేడు. అవునంటే చాలు. రేపు మేడం ముందు ఆ గుమ్మం కూడా గెలిచిన గుమ్మమే అయిపోతుంది. మావగారు ఇంటికొస్తారు. బడి ఊరికొస్తుంది.

"రాదు మావయ్యా," అంది సాయిదుర్గ.

"సాయీ!"

"రాదండీ. అడక్కముందే వెళ్ళాలన్నది కొలత. ఇది మేడం వస్తుందంటే వెళ్ళింది. దీన్ని నేను లెక్కలో వెయ్యను."

సత్యనారాయణమ్మ విస్తుపోయి చూసింది. బంగారరాజు మాత్రం తల మెల్లిగా ఊపేడు. "ఆయ్. అయితే నువ్వు బాగానే కొలుస్తన్నావు. నిన్న పాకలో నా పేరెత్తేవని విన్నాను. మావాళ్ళలో ఒక్కడికి నా పేరు నోట్లోకి రావడానికి ఏడాది పట్టింది."

కాయలన్నీ భాస్కర్ తిరిగి గోనెలోకి ఎత్తుకున్నాడు. ఎవరూ చెయ్యి సాయం చెయ్యలేదు. గోనె భుజానికెత్తుకుని అతను ముందు, ఆమె వెనక నడిచేరు.

"నువ్వు ఒక్క మాట కలిపితే ఏం పోయేది?" అన్నాడు సందు దాటేక. "మంచికే కదా చేసేను."

"మంచికే. కాని ఇయ్యాలే ఎందుకు చేసేరు? ఇన్నాళ్ళూ సొంత మేనమామ గుమ్మం వైపు తల తిప్పలేదు మీరు. ఆ సందులోంచి వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి కాలవగట్టు మీంచి వెళ్ళేవారు. నేను గమనించలేదనుకున్నారా?"

భాస్కర్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"మీ నాన్నకి భయపడి వెళ్ళలేదంటే నమ్ముతాను. ఇప్పుడా భయం ఏమైంది?"

అతను గోనె రెండో భుజానికి మార్చుకుని, అడుగు పెద్దది చేసి ముందుకెళ్ళిపోయేడు.

---

వాళ్ళు ఇల్లు చేరేసరికి వెంకటరాజు వాకిట్లో ఉన్నాడు. గడప తొక్కలేదు. కుళాయి దగ్గరే నిలబడ్డాడు. ఊళ్ళో కబురుకి కాళ్ళెక్కువ. కొడుకు ఎవరి చెట్లెక్కేడో అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఎవడు చెప్పేడ్రా నీకు ఎక్కమని?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా."

"సంఘం ఒక మాటనుకున్నాక నువ్వెవడివి? పెద్దమనిషి కొడుకువైతే కొమ్ములొచ్చేయా? నీ పెళ్ళాం పాకలో నా పరువు తీసింది చాల్లేదా? నువ్వు గుమ్మంలో తీసేవా? పట్టుకెళ్ళినవి మొహాన విసిరి కొట్టించుకుని వచ్చేవంట!"

"విసర్లేదు. వద్దన్నారు."

"వద్దనే వీలు వాళ్ళకిచ్చింది ఎవడు?"

"మీరే." ఆ గొంతు దుర్గమ్మది.

ఆమె గడపలో నిలబడుంది. వాకిట్లో ఉన్న ముగ్గురూ ఒక్కసారే అటు చూసేరు. సంఘం సంగతుల్లో మొగుడి ముందు ఆమె నోరు విప్పగా సాయిదుర్గ ఎన్నడూ చూడలేదు.

"మీరే ఇచ్చేరు," అంది దుర్గమ్మ మళ్ళీ. "నా తమ్ముడు పడ్డాడని కబురొచ్చినప్పుడు నేను కాళ్ళకి చెప్పులేసుకున్నాను. మీరు అరుగు మీదున్నారు. 'దుర్గా' అన్నారు. అదొక్క మాటే. ఇంకేం అన్లేదు. చెప్పులు విప్పేసి లోపలికొచ్చేసేను. సంఘం పెద్ద పెళ్ళాన్ని కదా, నేనే దాటితే ఊరేమనుకుంటుందని."

"దుర్గా..."

"అదిగో, మళ్ళీ అదే మాట. ఇయ్యాల విప్పనండి చెప్పులు." ఆమె గడప దిగింది. "నిన్న ఈ పిల్ల పదిమందిలో అడిగిందంటే నాకు ఒళ్ళు మండింది. పొద్దుణ్ణించీ దీన్ని తిట్టిపోస్తన్నాను. ఎందుకు మండిందో ఇందాకా నాకే తెలీలేదు. అడగాల్సింది నేనండి. తోడబుట్టినదాన్ని నేను. అడగలేకపోయేను."

కుళాయి సరిగ్గా కట్టలేదు. నీళ్ళు సన్నగా కారుతూ తులసికోట దాకా పారేయి. కట్టాలని ఎవరికీ తోచలేదు.

వెంకటరాజు కుళాయి పక్కనున్న బండ మీద కూర్చుండిపోయేడు. చెట్లెక్కి కాయలు కాచిన అరచేతుల్ని బొటనవేలితో నొక్కుకుంటూ ఉన్నాడు. తల ఎత్తినప్పుడు ఆయన చూసింది పెళ్ళాన్ని కాదు, కోడల్ని. పేరు పెట్టి పిలిచేడు.

"సాయిదుర్గా. మీ మేడంకి ఫోన్ చెయ్యి. రేపు రావద్దని చెప్పు."

"మావయ్యగారూ?"

"ఆవిడొచ్చేలోపు నేను బంగారం గుమ్మంలోకి వెళ్తే, మార్కుల కోసం వెళ్ళినట్టు. వెళ్ళకపోతే నా మాట నేనే మింగినట్టు. ఆవిడ రాకపోతే అప్పుడు వెళ్ళచ్చు. ఆవిడ మళ్ళీ వస్తుందో రాదో తెలీకుండా ఉండాలి. అప్పుడే అది వెళ్ళడం."

భాస్కర్ ఉలిక్కిపడ్డాడు. "బడి పోతుంది నాన్నా. కంపెనీవాడు కాచుక్కూర్చున్నాడు."

"పోనీరా. తగలబెట్టెయ్యమని నేనే అన్నాను కదా ఆ రోజు. బడే కదా పోయేది."

సాయిదుర్గ ఫోన్ తీసింది. చెయ్యి ఆగలేదు. భవానీదేవిగారు రెండో రింగుకే ఎత్తేరు. విషయం విని ఒకటే అడిగేరు.

"వాయిదాకి కారణం ఏమని రాయమంటావు?"

"మా సంఘం తన కొలతకి తను ఇంకా తూగలేదండి. తూగేదాకా రావద్దంటున్నారు."

"ఎల్లుండి బోర్డు మీటింగు. అవతల కంపెనీ కాగితాలు నా టేబిల్ మీదున్నాయి. ఆగుతారని నేను మాటివ్వలేను, తెలుసు కదా."

"తెలుసండి."

"ఇంకో మాట సాయిదుర్గా. నువ్వు మొదట్నుంచీ 'మా సంఘం, మా సంఘం' అంటున్నావు. కొలిచేవాళ్ళు అలా అనకూడదు. రేపు ఆఫీసులో నన్ను ముందు ఇదే అడుగుతారు."

"అడగనివ్వండి మేడం. మా అనుకోకపోతే ఈ కొలత నాకు తెలిసేదే కాదు. మా అనుకున్నాను కాబట్టే తప్పు కూడా చెప్పగలిగేను."

అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది. అది కోపమో మెచ్చుకోలో ఆమెకి తెలియలేదు. ఫోన్ పెట్టేసింది.

వెంకటరాజు లేచేడు. కుళాయి కింద మొహం కడుక్కుని, పై తువ్వాలుతో తుడుచుకున్నాడు. "పద దుర్గా," అన్నాడు. దుర్గమ్మ చెప్పులు అప్పటికే కాళ్ళకున్నాయి.

---

పొద్దు వాలుతోంది. బంగారరాజు వాకిట్లో నీడలు సాగేయి.

ముందు దుర్గమ్మ లోపలికెళ్ళింది. మంచం పక్కన కూలబడి తమ్ముడి చెయ్యి తీసి మొహానికి అదుముకుంది. అతను రెండో చేత్తో అక్క తల నిమురుతూ, "ఊరుకోవే, చచ్చిపోయేనేంటి," అని విసుక్కున్నాడు. అతని కళ్ళూ తడిసేయి.

వెంకటరాజు పంచ ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు. సాయిదుర్గ ఆయనకి కొంచెం వెనగ్గా ఉంది. భాస్కర్ లోపలికి రాకుండా దడి దగ్గరే ఆగిపోయేడు.

సత్యనారాయణమ్మ స్తంభానికి ఆనుకుని అడిగింది. "రేపు మేడంగారొస్తన్నారనా అన్నయ్యా?"

"రావట్లేదమ్మా. వద్దన్నాం. బడి కూడా పోయినట్టే."

ఆమె సాయిదుర్గ వంక చూసింది. సాయిదుర్గ తలూపింది.

"వాటా పట్టుకురాలేదు," అన్నాడు వెంకటరాజు. "పట్టుకొచ్చే మొహం ఇంకా నాకు లేదు. వాటా కంటే ముందు చెయ్యాల్సిన పనొకటి నేను చెయ్యలేదు. నువ్వు పడ్డావనగానే శిక్షేసేసేను. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

పెద్దమనిషి వాకిట్లో మట్టి మీద గొంతుక్కూర్చున్నాడు. మంచం మీది మనిషి కళ్ళకి ఆయన కళ్ళు సమానంగా వచ్చేయి.

"ఎందుకెక్కేవురా బంగారం ఆ తోట? కామరాజు మంచం మోసిన చేతులు కదరా నీవి. ఎందుకెక్కేవు?"

బంగారరాజు మొహంలో ఇంతసేపూ ఉన్న నవ్వు పోయింది.

"ఆ రోజే అడిగుంటే చెప్పేసేవాణ్ణి బావా," అన్నాడు మెల్లగా. "నొప్పిలో ఉన్నాను. నోరు జారేది. అడగలేదు మీరెవరూ. తర్వాత..."

"చెప్పకండి," అంది సత్యనారాయణమ్మ. "మాటిచ్చేరు మీరు."

"విన్నావుగా. ఒక ఒట్టు తప్పేనని ఇన్నాళ్ళూ వెలివేసేరు. రెండోది తప్పమంటే ఎలా?" అతను వెంకటరాజు కళ్ళల్లోకి సూటిగా చూసేడు. "నన్నడక్కు బావా. ఎవరి కోసం ఎక్కేనో మీ ఇంట్లో అడుగు."

వెంకటరాజు అర్థంకాక దుర్గమ్మ వైపు తిరిగేడు. దుర్గమ్మ అంతకంటే అయోమయంగా తమ్ముణ్ణి చూసింది.

సాయిదుర్గ వాళ్ళిద్దర్నీ చూడలేదు. ఆమె సత్యనారాయణమ్మ చూపు ఎటు వెళ్ళిందో అటు చూసింది.

దడి దగ్గర భాస్కర్ నిలబడున్నాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు. అతని చెయ్యి దడి కర్రని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఎండిన తాటాకు పరపరా రాలుతోంది.

నిన్న పాకలో అంతమంది ముందు నిలబడి అడిగినప్పుడు సాయిదుర్గ గొంతు వణకలేదు. ఇప్పుడూ వణకనివ్వలేదు.

"ఏవండీ," అంది. "మావయ్యగారు అడుగుతున్నారు."